గండికోటకు బయల్దేరి కలమల్లకు చేరాం

స్వర్ణోత్సవ సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని సంఘం వారు అడిగారు. "పాఠం మాదిరి మాత్రం రాయొద్దన్నా" అని కార్యదర్శి మరీ మరీ చెప్పాడు. ముప్పై మూడేళ్లు చరిత్ర పాఠమే చెప్పి రిటైరైన వాణ్ణి, పాఠం మాదిరి కాకుండా చరిత్ర చెప్పడం ఎట్లా అని నాలుగు రోజులు ఆలోచించాను. చివరికి తోచిందేమిటంటే, నేను నేర్చుకున్న మొదటి చరిత్ర పాఠం క్లాసులో జరగలేదు. అది ఒక చెడిపోయిన వనభోజనం. మా బ్యాచీ వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

మేం పదో తరగతి. కార్తీక మాసం. సోషల్ అయివారు గండికోట చూపిస్తానన్నారు. మనిషికి మూడు రూపాయలు. నలభై రెండు మందిమి పేర్లిచ్చాం. ఆ రోజుల్లో మూడు రూపాయలంటే ఇంట్లో అడిగేందుకు ధైర్యం కావాలి. నా పక్క బెంచీ వాడు రెండు ఆదివారాలు నాపరాయి గనిలో బండలు మోసి ఆ డబ్బు తెచ్చాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ప్రణాళిక బాగానే ఉండింది. ఎర్రగుంట్లలో తెల్లవారుజామున ప్యాసింజరెక్కి ముద్దనూరులో దిగడం, అక్కడి నుంచి బస్సులో జమ్మలమడుగు, ఆపైన అయివారు మాట్లాడి పెట్టిన లారీలో కోట. పెన్న లోయ అంచున ఉసిరి చెట్టు కింద వంట. బియ్యం, కందిపప్పు, బెల్లం, రెండు పెద్ద డేషాలు, వంటాయన ఒకడు. కోటలో ఏ చోట నిలబడి ఏం చెప్పాలో అయివారు ముందే నోటు పుస్తకంలో రాసుకున్నారు.

రాత్రే మొదలైంది వాన. "రేనాటి వాన ఎంతసేపుంటుందిరా, పొద్దెక్కితే పోతుంది" అని డ్రిల్లు సారు ధైర్యం చెప్పారు. ఆయన మాటలో తప్పు లేదు. ఏడాది మొత్తానికి ఏడు వందల మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లా మనది. పైరుకు చాలని వాన మనకు అలవాటు. కానీ ఇదే సీమలో ఆ ఏడాది వానలో మూడో వంతు రెండు రోజుల్లో పడిపోవడమూ ఉంది. ఐప్పసి, కార్తీకాల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఎండిన వంకలే ఏరులవుతాయి. మనవాళ్లు వంకను నమ్మరాదనేది అందుకే. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందీ, కమలాపురం దగ్గర పాపాఘ్ని వంతెన కూలిందీ ఇట్లాంటి వానకే.

ఎర్రగుంట్ల దాటిన తర్వాత స్టేషను కలమల్ల. అక్కడ బండి నిలబడింది. పావుగంట, అరగంట, గంట. డ్రైవరు దిగి ఇంజను పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు. అయివారు స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళితే మేమూ తడుస్తూ వెనకే వెళ్లాం. ఆయనది తమిళ యాస.

"బండి పోదు సార్. ముందర కట్ట మీద నీళ్లు. ముద్దనూరు నుంచి లైన్ క్లియర్ రాలేదు."

"ఎప్పుడు వస్తుంది?"

"నీళ్లు పోతే వస్తుంది."

ఈ సమాధానానికి మాకు ఒళ్లు మండింది. ముద్దనూరు ఎంత దూరం, పట్టాల వెంబడే నడిచి పోదాం అని ముందు అన్నది నేనే. తలా ఒకరూ అందుకున్నారు. డ్రిల్లు సారు కూడా "పిల్లోళ్లు గట్టిగానే ఉండారు, పోతే పోదాం" అన్నారు. అయివారు ఊగిసలాడారని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ఎన్నాళ్లనుంచో అనుకున్న ప్రయాణం, నలభై రెండు మంది దగ్గర వసూలు చేసిన డబ్బు, అవతల ఎదురుచూస్తున్న లారీ. అడుగు ముందుకు పడేదే.

స్టేషన్ మాస్టరు గొడుగు లేకుండా బయటికొచ్చి మాకు అడ్డం నిలబడ్డాడు. "మంగపట్నం తెలుసునా?" అని అడిగాడు. మాకు తెలియదు. అయివారికి తెలుసు.

మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు దారి 1871కి పూర్తయింది. మన జిల్లా గుండా బొంబాయికి పోయే మెయిళ్లన్నీ ఈ పట్టాల మీదివే. కలమల్ల, ముద్దనూరు దాటితే మంగపట్నం, ఆ తర్వాత కొండాపురం. 1902 సెప్టెంబరులో ఒక రాత్రి కుండపోత వానకు మంగపట్నం దగ్గర వాగు మీది వంతెన కొట్టుకుపోయింది. చీకట్లో వచ్చిన మెయిలు బండికి ఆ సంగతి తెలియదు. ఇంజనూ పెట్టెలూ వాగులో పడ్డాయి. డెబ్బై మందికి పైగా పోయారు. మామూలు రోజుల్లో మేకలు దాటే వాగు అది.

వానాకాలంలో రాత్రుళ్లు గ్యాంగు మనుషులు లాంతరు పట్టుకొని పట్టాల వెంబడి నడుస్తూ వంతెనలూ కట్టలూ చూస్తారు. కట్ట కోసుకుపోయినట్టు కనిపిస్తే పట్టాల మీద పేలుడు బిళ్లలు అమర్చి వస్తారు. వాటి మీదికి చక్రం రాగానే పెద్ద చప్పుడవుతుంది, డ్రైవరు బ్రేకు వేస్తాడు. రైల్వేలో ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్న ఏర్పాట్లు. స్టేషన్ మాస్టరు అవి చెప్పలేదు. మంగపట్నం పేరు చెప్పి ఊరుకున్నాడు. అది చాలింది. అయివారు మావైపు తిరిగి, "ఎవురూ కదలొద్దు" అన్నారు.

ఆ రోజు నేను ఆ స్టేషన్ మాస్టరును మనసులో ఎన్ని తిట్లు తిట్టానో ఇక్కడ రాయలేను. మరుసటి రోజు అదే బండి మనిషి నడక వేగంతో వెళుతుంటే ఒకచోట కట్ట కంకర జారిపోయి స్లీపర్లు గాలిలో వేలాడుతుండటం చూశామని, ముద్దనూరు వైపు వెళ్లిన ప్రయాణికులు తర్వాత చెప్పారు.

స్టేషను షెడ్డులో నలభై రెండు మంది నిలబడను చోటుంది గాని పొయ్యి పెట్టను చోటు లేదు. వాన కొంచెం తెరిపివ్వగానే ఊళ్లోకి నడిచాం. నల్లరేగడిలో వానలో నడవడం ఎట్లుంటుందో మన వాళ్లకు చెప్పనక్కర లేదు. అడుగుకొక శేరు మన్ను కాళ్లకు అంటుకుంటుంది, చెప్పులు భూమికి దానం. రేగడి నేల కాబట్టే రేనాడనే పేరు వచ్చిందని చెప్పేవాళ్లున్నారు. ఆ వ్యుత్పత్తి ఎంత నిజమో గానీ ఆ రోజు నేను పూర్తిగా నమ్మాను. డేషాలను చెరో వైపు పట్టుకొని మోశాం. డ్రిల్లు సారు మూడుసార్లు లెక్కపెట్టారు, మూడుసార్లూ నలభై రెండే వచ్చింది. పాపం ఆయన మళ్లీ లెక్కపెట్టారు.

ఊళ్లో చెన్నకేశవ, సిద్ధేశ్వర ఆలయం. అక్కడ తలదాచుకున్నాం. కట్టెలన్నీ తడిసిపోయాయి, పొయ్యి అంటుకోలేదు. దగ్గరింట్లో ఒక అవ్వ మమ్మల్ని చూసి, "యా ఊరు నాయనా మీది? ఇంతమంది పిలకాయల్ని ఈ వానలో ఏసకొచ్చిన మారాజు ఎవురు?" అని అయివారి ముందే అడిగింది. ఆ తర్వాత తన పంచలో పేర్చుకున్న ఎండు కందికట్టె మొత్తం ఇచ్చేసింది. వంటచెరుకు కోసం ఏడాదికని దాచుకున్న కట్టె అది. మూడు గంటలకు పప్పన్నం ఉడికింది. పాయసానికి పాలు లేవు, బెల్లం నీళ్లలో బియ్యం ఉడికించి పాయసం అన్నాం. అంత రుచి అని ఇప్పుడు చెబితే అది ఆకలి రుచేనని నాకూ తెలుసు.

ఇక అయివారు గండికోట పాఠం అక్కడే మొదలుపెట్టారు. కోట లేకుండా కోట గురించి వినడం మాకు విసుగనిపించింది. అయినా ఒక కథ మాత్రం పట్టుకుంది. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి నుంచి గండికోట గెలిచిన కొన్నాళ్లకు, 1652 సెప్టెంబరులో, టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వచ్చాడు. మీర్ జుమ్లా కాలివేళ్ల సందులో కొన్ని ఉత్తరాలు, చేతివేళ్ల సందులో కొన్ని పెట్టుకొని, ఒక్కొక్కటే తీస్తూ జవాబులు చెప్పి రాయించేవాడట. ఫిరంగులు పోయించాలని గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి, మయ్యే అనే ఇంకో ఫ్రెంచివాడికి ఆ పని అప్పగించాడు. కొన్ని విగ్రహాలు ఎంత మంట పెట్టినా కరగలేదనీ, చివరికి ఒక్క ఫిరంగీ సరిగా తయారు కాలేదనీ టావెర్నియరే రాశాడు.

"అంటే నవాబు పనీ చెడిపోయిందన్నమాట" అన్నాడు నా పక్క బెంచీ వాడు. అందరం నవ్వాం. పొద్దుటినుంచి అయివారు నవ్వడం అదే మొదలు.

సాయంత్రం మబ్బు కింద వెలుతురు తగ్గుతున్నప్పుడు ఆయన లేచి గుడి ఆవరణలోకి వెళ్లారు. అవ్వ దగ్గర లాంతరు అడిగి తెచ్చారు. ప్రాంగణంలో విరిగిన రాతి స్తంభం ఒకటి ఉంది. వాన తుంపర్లలోనే, గొడుగు నీడన, లాంతరును ఎదురుగా కాకుండా రాతికి పక్కగా ఆనించి పట్టుకోమని నాకిచ్చారు. అంతవరకు గరుకు బండలా ఉన్న రాయి మీద నీడలు లేచాయి. నీడల్లో గీతలు, గీతల్లో వంపులు. అక్షరాలు!

శాసనాలు చదివే వాళ్లందరికీ తెలిసిన కిటుకే ఇది. అరిగిన అక్షరం ఎదురు వెలుగులో కనబడదు, వాలు వెలుగులో కనబడుతుంది. శాఖ వాళ్లయితే రాతిని కడిగి, తడి కాగితం పరిచి, గట్టి బ్రష్షుతో కొట్టి, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాక పైన సిరా అద్దుతారు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. కలమల్ల శాసనాన్ని మద్రాసు శాసన పరిశోధకులు 1904లోనే నమోదు చేశారు. అర్థం చెప్పి, కాలం తేల్చి సమగ్రంగా ప్రచురించింది మాత్రం నీలకంఠ శాస్త్రి, వెంకటరామయ్య గార్లు. ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో ఉంది.

ఆ శాసనంలో ఏముందో ఇప్పటి పిల్లల కోసం చెబుతాను. మొదలు విరిగింది, 'ఎరికల్' అన్న మాటలో 'కల్' మిగిలింది. ఎరికల్ ముతురాజు బిరుదు, ధనంజయుడు పేరు. ఆయన రేనాడును ఏలుతుండగా, చిఱుంబూరికి చెందిన రేవణకాలు అనేవాని ప్రస్తావన వస్తుంది. ఆ చిఱుంబూరే మన చిలంకూరని పండితులు గుర్తించారు. సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న చిలంకూరే. ఆ తర్వాత రాయి దెబ్బతిని నడిమి భాగం పోయింది. చివర పంచమహాపాతకాల మాట ఉంది. ఇచ్చినదాన్ని చెరిపిన వాడికి ఆ పాపం తగులుతుందని అప్పటి శాసనాల ఆనవాయితీ. ఏం ఇచ్చారో, ఎవరికిచ్చారో స్పష్టంగా తెలిపే భాగం రాతితో పాటు పోయింది, శాపం ఒక్కటీ చెక్కుచెదరలేదు. నా ఉద్యోగంలో ఎన్నో శాసనాలు చదివాను గానీ ఇంత చిత్రమైన మిగులు చూడలేదు.

రాతి మీద సంవత్సరం లేదు. అక్షరాల తీరును బట్టి క్రీ.శ. 575 ప్రాంతమని లెక్కగట్టారు. అందుకే ఎవరైనా "క్రీ.శ. 575లో వేసిన శాసనం" అని ఖచ్చితంగా అంటే నాకు చేయి ఎత్తాలనిపిస్తుంది. పదేళ్లు అటో ఇటో కావచ్చు. దానివల్ల దాని గొప్పతనమేమీ తగ్గదు. అంతకుముందు తెలుగు నేల మీద రాజులు వేసిన శాసనాలు ప్రాకృతంలో, సంస్కృతంలో ఉండేవి. వాటిలో అక్కడక్కడా ఒక తెలుగు మాట దొరుకుతుంది, అమరావతి రాతి మీద 'నాగబు' లాగా. కానీ ఒక రాజు తన ఊళ్ల సంగతి తన జనం మాట్లాడే మాటలోనే చెప్పిన రాళ్లలో ఇప్పటిదాకా దొరికినవాటిలో మొదటిది కలమల్లదే. మన పక్కనే కమలాపురం మండలంలోని ఎర్రగుడిపాడు శాసనమూ ఇంచుమించు ఆ కాలపుదే.

ఈ రేనాటి చోళులు తమది కరికాలుడి వంశమని చెప్పుకున్నారు. ధనంజయుడి మనుమడు పుణ్యకుమారుడు ఇచ్చిన మాలెపాడు రాగి రేకులు కూడా మన కమలాపురం పక్కవే. వంశక్రమం వాటివల్లే తెలిసింది. నందివర్మకు సింహవిష్ణు, సుందరనంద, ధనంజయవర్మ అని ముగ్గురు కొడుకులు. ధనంజయుడి కొడుకు మహేంద్రవిక్రముడు, అతని కొడుకు పుణ్యకుమారుడు. ఏడో శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ 'చూలియ' అని రాసిన దేశం ఇదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఆయన రాతల్లో ఆ దేశం వేడి నేల, పలచటి జనం, అడవులు, దోపిడీగాళ్లు. మెచ్చుకోలు ఒక్కటీ లేదు. వేసవిలో వచ్చినట్టుంది.

లాంతరు పట్టుకున్న నాకు ఆ సాయంత్రం ఇవేవీ తెలియవు. "ఇది మన తెలుగేనా సార్? ఒక్క అక్షరం గూడా మనది మాదిరి లేదే?" అని అడిగాను. "మన అక్షరాలకు ముత్తవ్వలురా ఇవి" అన్నారు. ఇప్పుడు మనం పలకని 'ఴ' లాంటి అక్షరాలు కూడా అప్పుడుండేవని, ఆ అక్షరమున్న చోఴ అన్న పేరే తెలుగులో చోడ అయిందని చెప్పారు. కనిపించినంత వరకు గీసుకోమన్నారు. తడిసిన లెక్కల నోటు పుస్తకం చివరి పేజీలో తొమ్మిది ఆకారాలు గీశాను.

రాత్రికి బండి కదలదని తేలింది. స్టేషన్ మాస్టరు తన ఫోనులో ఎర్రగుంట్ల స్టేషనుకు చెప్పి, అక్కడి నుంచి మనిషిని మా బడికి పంపించాడు. నలభై రెండు ఇళ్లలో ఆ రాత్రి వాళ్లు నిద్రపోయారంటే ఆ ఫోను పుణ్యమే. తడిగుడ్డలతో గుడి మండపంలో ఒకరికొకరం ఆనుకొని పడుకున్నాం. అవ్వ రాత్రి మళ్లీ వచ్చి వేయించిన చెనిక్కాయలు ఒక గంపెడు పోసి, లాంతరు తీసుకొని పోయింది.

మరుసటి రోజు ఎర్రగుంట్ల వైపు బండి దొరికింది. స్టేషనులో తల్లిదండ్రులు కొందరు అయివారిని నానా మాటలన్నారు. ఆయన ఒక్క మాటా తిరిగి అనలేదు. లారీకి, బస్సుకు ఖర్చు కాని డబ్బు లెక్కగట్టి, మనిషికి రూపాయి పది పైసలు క్లాసులో పేరుపేరునా వెనక్కిచ్చారు. మళ్లీ ఆ ఏడు గండికోట మాటెత్తలేదు.

చాలా ఏళ్ల తర్వాత తిరుపతిలో ఎం.ఏ. చదివేటప్పుడు లైబ్రరీలో 27వ సంపుటం చేతికొచ్చింది. కలమల్ల శాసనం అచ్చు ప్రతి తీసి, సెలవుల్లో ఇంటి నుంచి తెచ్చుకున్న లెక్కల పుస్తకం పక్కన పెట్టాను. తొమ్మిదింటిలో రెండే సరిపోయాయి. ఆరు తప్పు గీశాను. మిగిలిన ఒకటి అక్షరమే కాదు, రాతి పెచ్చు లేచిన చోటు. అయివారికి ఉత్తరం రాస్తే కార్డు మీద జవాబొచ్చింది: "రెండు వచ్చాయి గదా. పాసు మార్కులు రాకపోయినా ఫరవాలేదు."

2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు కలమల్ల పేరు పేపర్లకెక్కింది. అసలు రాయి మద్రాసుకు పోయిందని, అక్కడ మాయమైందని ఒక పుకారు కూడా లేచింది. అయివారు అప్పటికి లేరు. ఉంటే ఆ పుకారును ఎట్లా నవ్వేవారో ఊహించుకోగలను.

పోయినేడాది మా బ్యాచీలో మిగిలిన వాళ్లం పదహారు మందిమి మినీ బస్సు మాట్లాడుకొని మొత్తానికి గండికోట చూశాం. తిరుగు దారిలో కలమల్లలో ఆగాం. ఊరి చుట్టూ ఇప్పుడు థర్మల్ స్టేషను పొగగొట్టాలు. ఎర్రటి ఎండ. రాయి మీద ఏమీ కనపడలేదు. ఐదు దాటేదాకా ఆగుదామన్నాను. డ్రైవరు హారను కొడుతున్నా ఎవరూ కదల్లేదు. పొద్దు వాలి వెలుగు పక్కగా పడగానే ఆ గీతలు లేచాయి. నా పక్క బెంచీ వాడు కళ్లద్దాలు తుడుచుకొని చాలాసేపు చూశాడు.

తర్వాత వాడు గుడి బయటికొచ్చి, అవ్వ ఇల్లు యాడుండేదిరా అని అడిగాడు. ఎడమ వైపని ఒకరు, కాదు ఎదురుగానే అని ఒకరు. పాత ఇళ్లు లేవు, అన్నీ మిద్దెలు. దారిన పోతున్న ఒక పెద్దాయన్ను ఆపి, ఇట్లా ఫలానా వానలో కందికట్టె ఇచ్చిన అవ్వ అని చెప్పబోయాం. "పేరేంది?" అని అడిగాడాయన. పదహారు మందిమి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.